పాత బండి ఛార్జింగ్ జబ్బులకు యూటీ210ఈ క్లాంప్ మీటర్: ఎక్కడ నమ్మొచ్చు, ఎక్కడ నమ్మకూడదు

రెండు రోజులు నిలబెట్టిన పాత కారు మూడో రోజు సెల్ఫ్ తిప్పదు. ముందు బ్యాటరీ మారుతుంది, తర్వాత ఇంజన్‌తో తిరుగుతూ కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ బల్ల మీదికొస్తుంది, ఆపైన దాని వోల్టును అదుపులో ఉంచే రెగ్యులేటర్ కొత్తది పడుతుంది. ఇన్ని మార్చాక కూడా పాత కథే నడుస్తోందంటే ఒకటే అర్థం: వోల్టులు చూశారు గానీ ఆంపియర్లు ఎవరూ చూడలేదు. మామూలు మల్టీమీటర్‌తో ఆంపియర్లు చూడాలంటే వైరు విప్పి మధ్యలో మీటర్ పెట్టాలి. దాని హద్దు 10 ఆంపియర్లు. ఛార్జింగ్ కరెంటు అంతకు రెండు మూడింతలుంటుంది. అందుకే ఆ పని ఎవరూ పెట్టుకోరు. వైరు విప్పకుండా, దాని చుట్టూ దవడలు మూసి డీసీ కరెంటు చూపే క్లాంప్ మీటర్ ఈ చిక్కు తీరుస్తుంది. ఆ జాతిలో చిన్న సైజులో బాగా వాడకంలో ఉన్నది యూనీ-టీ కంపెనీ యూటీ210ఈ.

కొనేటప్పుడు చివరి అక్షరం చూసుకోవాలి. 210 వరసలో ఏ, బీ, సీ రకాలు ఏసీ కరెంటు మాత్రమే చూపుతాయి. ఇంటి వైరింగుకు సరిపోతాయేమో గానీ బ్యాటరీ తీగకు వేస్తే ఏమీ చెప్పవు. డీ రకం డీసీ చూపుతుంది, 200 ఆంపియర్ల దాకా వెళ్తుంది, కానీ చిన్న కరెంట్ల దగ్గర మొద్దు. 'ఈ' అక్షరం ఉన్న రకానిది 100 ఆంపియర్లతో ఆగే రేంజి. దానికి బదులుగా 2 ఆంపియర్ల రేంజి ఒకటి ఇస్తుంది, అందులో ఒక్కో అంకె ఒక మిల్లీ ఆంపియర్. బయటి నుంచి అన్నీ అన్నదమ్ముల్లా ఉంటాయి. బండి పని కోసం కొంటే 'ఈ' అక్షరం రకమే కొనాలి.

ఇందులో ఇంకో మంచి గుణం ఉంది, దాన్ని చాలామంది లోపంగా లెక్కేస్తారు. దీనికి ఆంపియర్ సాకెట్ లేదు. మామూలు మీటర్‌లో ఎర్ర వైరు 10 ఆంపియర్ల సాకెట్‌లో మర్చిపోయి, బ్యాటరీ వోల్టు చూద్దామని రెండు టెర్మినళ్ళకు ముట్టిస్తే అది సూటిగా షార్టే. ఫ్యూజు పోతే అదృష్టం, ఫ్యూజు లేని నాసిరకం మీటరైతే చేతిలోనే కాలుతుంది. ఇక్కడ ఆ పొరపాటుకు చోటే లేదు.

ముందుగా వోల్టుల సంగతి. బండి రాత్రంతా కదలకుండా ఉన్నాక ఉదయాన్నే చూసిన విలువే లెక్కలోకి వస్తుంది. నిండు బ్యాటరీ 12.6 నుంచి 12.7 వోల్టులు చూపాలి. 12.4 అంటే ముప్పావు వంతు, 12.2 అంటే సగం, 12.0 దగ్గర పావు వంతే మిగిలినట్టు. అప్పుడే తిరిగి వచ్చిన బండిలో 12.9 కనబడితే అది పైపై ఛార్జి. హెడ్‌లైట్లు రెండు నిమిషాలు వేసి ఆపి, కాసేపాగి మళ్ళీ చూడాలి. అయితే ఇక్కడ మీటర్ మీద ఒక మాట చెప్పాలి. డీసీ వోల్టుల్లో దీని తేడా హద్దు 0.7 శాతం, పైన చివరి స్థానంలో 3. 12.60 దగ్గర అది సుమారు 0.12 వోల్టుకు తేలుతుంది, అటైనా ఇటైనా. నిండు బ్యాటరీకీ ముప్పావు బ్యాటరీకీ ఉన్న దూరమే 0.2 వోల్టు. అంటే బ్యాటరీ ఎంత నిండిందో చెప్పడానికి దీని ఒక్క మాట చాలదు. నమ్మకమైన మరో మీటర్ పక్కన పెట్టి, ఇది ఎంత ఎక్కువ తక్కువ చూపుతోందో ఒకసారి చూసుకుని వెనకాల కాగితం అంటించుకుంటే చాలు, ఆ తేడా రోజుకోలా మారదు. నీళ్ళు పోసే మూతలున్న పాత బ్యాటరీకి మాత్రం ఏ మీటర్ కన్నా ఆసిడ్ సాంద్రత చూపే హైడ్రోమీటరే మేలు. నిండు సెల్ 1.265 నుంచి 1.280 దాకా చూపుతుంది. ఒక సెల్‌కూ మరో సెల్‌కూ 0.050 తేడా వచ్చిందంటే ఇక ఆల్టర్నేటర్ వైపు చూడక్కర్లేదు, ముందు బ్యాటరీ సంగతి తేల్చాలి.

క్లాంప్ అసలు పని ఇంజన్ నడుస్తుండగా మొదలవుతుంది. ఆల్టర్నేటర్ వెనక లావు వైరుకు, అంటే బీ ప్లస్‌కు, ఒకసారి వేయాలి. బ్యాటరీ తీగకు ఇంకోసారి. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెడితే సగం జబ్బు అక్కడే బయటపడుతుంది. ఆల్టర్నేటర్ ఇచ్చేది 22, బ్యాటరీలోకి వెళ్ళేది 4 అయితే మిగతా 18 బండి తింటోంది, అంతా సవ్యమే. ఆల్టర్నేటర్ 12 ఇస్తూ బ్యాటరీ నుంచి కూడా 8 బయటికి వస్తుంటే, బ్యాటరీ టెర్మినళ్ళ మీద వోల్టు 12.4 దగ్గర తచ్చాడుతుంటుంది. రోజూ రాత్రి ప్రయాణాలు చేసే బండైతే వారంలో పడుకుంటుంది. పరీక్ష ఐడిల్ మీద కాదు, 1500 నుంచి 2000 ఆర్‌పీఎం మధ్య, హెడ్‌లైట్లు, బ్లోయర్ వేసి చేయాలి. 55 వాట్ల బల్బులు రెండు, వెనక దీపాలు కలిపి 10 ఆంపియర్ల దాకా తీసుకుంటాయి. బ్లోయర్, ఇగ్నిషన్ కాయిల్ కలిస్తే లోడు 20 దాటుతుంది. ఆ లోడులోనూ బ్యాటరీ టెర్మినళ్ళ మీద 13.8 నుంచి 14.5 మధ్య నిలబడాలి. 14.8 దాటితే రెగ్యులేటర్ పట్టు తప్పింది, బ్యాటరీ నీళ్ళు మరిగి తగ్గిపోతాయి.

కరెంటు ఎటు పోతోందో దవడ మీది బాణం గుర్తు చెబుతుంది. బాణం బ్యాటరీ ప్లస్ వైపు చూసేలా ప్లస్ తీగకు వేస్తే, ఛార్జి అవుతున్నప్పుడు మైనస్ గుర్తు లేని అంకె వస్తుంది. మొదటిసారి సందేహమొస్తే ఇంజన్ ఆపి హెడ్‌లైట్లు వేసి చూడండి. అప్పుడు వచ్చే గుర్తు డిశ్చార్జిది.

సెల్ఫ్ కొట్టడం వల్లే బ్యాటరీ ఖాళీ అవుతుందనే నమ్మకం ఒకటి బలంగా ఉంది. లెక్క వేస్తే తేలిపోతుంది. 150 ఆంపియర్లు 3 సెకన్లు అంటే 450 ఆంపియర్ సెకన్లు, ఆంపియర్ అవర్లలో ఎనిమిదో వంతు. 10 ఆంపియర్ల ఛార్జి దొరికితే ఒక నిమిషంలో తిరిగొచ్చేస్తుంది. కాబట్టి బాగున్న బ్యాటరీలోకి స్టార్టయిన వెంటనే 10, 20 ఆంపియర్లు పోయినా కొన్ని నిమిషాల్లో 5 లోపుకు దిగాలి. అరగంట తిరిగినా ఇంకా 15 తాగుతోందంటే అది అంతకుముందే బాగా ఖాళీ అయి ఉండాలి, లేదా లోపల ఒక సెల్ చచ్చి ఉండాలి. క్లాంప్ లేకుండా ఈ సంగతి కనబడదు, ఎందుకంటే రెండు చోట్లా వోల్టు మీటర్ చక్కగా 14 చూపిస్తుంది.

ఆల్టర్నేటర్‌లో ఏసీని డీసీగా మార్చే డయోడ్లు పోయాయేమో చూడటానికి మీటర్‌ను ఏసీ వోల్టులకు తిప్పి బ్యాటరీ టెర్మినళ్ళ మీద పెడతారు. లోడు మీద 0.1 లోపు ఉంటే మంచిది. 0.3, 0.5 అలా పైకి పోతే డయోడ్ ప్లేటును అనుమానించాలి. ఈ మీటర్ ఏసీ కొలత మెయిన్స్ ఫ్రీక్వెన్సీ కోసం, దానికి కొన్ని రెట్ల పైదాకా పనికొచ్చేలా తయారైంది, కిలోహెర్ట్‌జ్ దాటాక సన్నగిల్లుతుంది. విచిత్రంగా ఇది ఇక్కడ మనకు కలిసొస్తుంది. 12 పోళ్ళ ఆల్టర్నేటర్ నిమిషానికి 1600 సార్లు తిరుగుతుంటే ఒక్కో ఫేజు 160 హెర్ట్‌జ్. ఆరు డయోడ్లూ బాగుంటే బయటికొచ్చే అల దానికి ఆరు రెట్లు, 960 హెర్ట్‌జ్. ఒక డయోడ్ పోతే 160 హెర్ట్‌జ్ అల పొడుచుకొస్తుంది. మీటర్‌కు బాగా వినిపించేది సరిగ్గా ఆ చెడ్డ అలే. అందుకే ఈ ఒక్క పరీక్ష ఐడిల్ మీదే చేయాలి. ఇంజన్ బుర్రున రెయిజ్ చేసి చూసి, 'ఏమీ లేదు' అనుకోవడం తప్పు.

ఇప్పుడు ఈ మీటర్‌లో ఎవరూ పొగడని భాగం. 200 మిల్లీ వోల్టుల రేంజి, అందులో 0.1 మిల్లీ వోల్టు దాకా కనబడటం. పాత బండి కరెంటు జబ్బుల్లో అధిక భాగం వైర్ల కీళ్ళలో ఉంటుంది. లగ్గు (వైరు కొసన బిగించే లోహపు ముక్క) కింద తుప్పు, రాగి పోచల మీద పచ్చటి చిలుము, పెయింటు మీద బిగించిన ఎర్త్ పట్టీ. వీటిని ఓమ్‌లలో వెతకడం వృథా. మీటర్ వైర్లకే ఒకటి రెండు పదో వంతుల ఓమ్ ఉంటుంది. మనం వెతికే లోపం అందులో పదో వంతు. ఇరవై పోచల్లో ఒకే పోచ మిగిలిన వైరు కూడా బీప్ అని పాస్ చేయిస్తుంది. లోడు పడితేనే గుట్టు రట్టవుతుంది. ఇంజన్ నడుస్తూ, లైట్లు వెలుగుతూ ఉండగా ఒక మొన ఆల్టర్నేటర్ బీ ప్లస్ బోల్టు మీద, రెండోది బ్యాటరీ ప్లస్ గూటం (టెర్మినల్ పోస్టు) మీద పెట్టాలి. లగ్గు మీద కాదు, సీసపు గూటం మీదే, ఎందుకంటే తెల్ల ఉప్పు పట్టేది ఆ రెంటి మధ్యే. 0.3 వోల్టు మించకూడదు. తర్వాత ఆల్టర్నేటర్ ఒంటికీ బ్యాటరీ మైనస్ గూటానికీ మధ్య చూడాలి. అక్కడ 0.2 దాటితే ఇంజన్ ఎర్త్ చూసుకోవాలి. ఈ రెండో కొలతను వదిలేసేవాళ్ళే ఎక్కువ. ఆల్టర్నేటర్ మార్చినా ఫలితం లేకపోయిన బండ్లలో ఎక్కువసార్లు దొంగ అక్కడే దొరుకుతాడు.

ఉదాహరణకు బీ ప్లస్ తీగ మీద 0.6 వోల్టు పడిపోతోంది, క్లాంప్ 25 ఆంపియర్లు చూపుతోంది అనుకుందాం. నిరోధం 24 మిల్లీ ఓమ్‌లు, వేడిగా పోయేది 15 వాట్లు. అదంతా ఒక్క లగ్గు దగ్గరే పుడుతుంటే చేత్తో పట్టుకున్నా తెలిసిపోతుంది. కాకపోతే మీటర్ ఒక్కటే కాబట్టి వోల్టు, ఆంపియరు ఒకేసారి చూడలేం. ఆర్‌పీఎం, లోడు మార్చకుండా ఒకదాని తర్వాత ఒకటి తీసుకోవాలి. ఇంకో చవక మల్టీమీటర్ ఉంటే పని హాయిగా సాగుతుంది.

సెల్ఫ్ వైపు కూడా ఇదే పద్ధతి. అక్కడ క్లాంప్ ముందే చేతులెత్తేస్తుంది. పెట్రోల్ ఇంజన్ సెల్ఫ్ మోటారే 150, 200 ఆంపియర్లు లాగుతుంది, డీజిల్ అంతకన్నా ఎక్కువ. 100 ఆంపియర్ల మీటర్ తెర మీద ఓవర్‌లోడ్ గుర్తు తప్ప ఏమీ రాదు. ఇంజన్ అందుకోకుండా కాయిల్ వైరు తీసేసి సెల్ఫ్ కొడుతూ వోల్టులే చూడాలి. బ్యాటరీ మీద 9.6 కిందికి దిగకూడదు. ప్లస్ గూటం నుంచి సెల్ఫ్ స్టడ్ దాకా 0.5, సెల్ఫ్ ఒంటి నుంచి మైనస్ గూటం దాకా 0.3 మించకూడదు. సెల్ఫ్ కరెంటే కావాలనుకునేవాళ్ళు పెద్ద దవడల 400, 600 ఆంపియర్ల మీటర్ కొనుక్కోవాలి, అందులో మిల్లీ ఆంపియర్ల మీద ఆశ వదులుకోవాలి.

బండి ఆగి ఉన్నప్పుడు పోయే లీకేజీ కరెంటు, ఈ మీటర్ పుట్టింది దీనికోసమే. దీన్ని తప్పుగా వాడేది కూడా ఇక్కడే. గడియారం, రేడియో మెమరీ తప్ప ఎలక్ట్రానిక్స్ లేని బండిలో 20 మిల్లీ ఆంపియర్ల లోపు ఉండాలి. సెంట్రల్ లాకింగ్, ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) ఉన్నవాటిలో 50 దాకా సహించొచ్చు. 50 అంటే రోజుకు 1.2 ఆంపియర్ అవర్లు. డ్యాష్‌బోర్డు అరలోని 5 వాట్ల బల్బు మూత సరిగా పడక వెలుగుతూనే ఉంటే 0.4 ఆంపియర్, రోజుకు 10 ఆంపియర్ అవర్లు. 45 ఆంపియర్ అవర్ల పాత బ్యాటరీ మూడు రోజుల్లో మూలన పడటానికి అది చాలు.

క్లాంప్ లోపల ఉండేది హాల్ సెన్సర్. అది అయస్కాంత క్షేత్రాన్ని కొలుస్తుంది, భూమి క్షేత్రాన్ని కూడా కలుపుకుని. మీటర్‌ను చేతిలో పట్టుకుని ఉత్తరం నుంచి తూర్పుకు తిప్పితే ఖాళీ దవడల్లోనే అంకె ఇరవై ముప్ఫై మిల్లీ ఆంపియర్లు కదిలినా ఆశ్చర్యపోనక్కర్లేదు. అంటే మనం వెతుకుతున్నంత కరెంటు మీటరే కల్పించగలదు. పద్ధతి ఇదీ: 2 ఆంపియర్ల రేంజి పెట్టి, బ్యాటరీ తీగ పక్కనే, తర్వాత ఏ భంగిమలో వేస్తామో అదే భంగిమలో, దవడలు మూసి జీరో నొక్కాలి. తర్వాత మీటర్‌ను తిప్పకుండా తీగను దవడల్లోకి తీసుకోవాలి. ముందు పెద్ద కరెంటు కొలిచి వస్తే దవడల ఇనుములో అయస్కాంతం కొంత మిగులుతుంది. రెండు మూడుసార్లు తెరిచి మూసి, అప్పుడు జీరో చేయాలి.

దవడల్ని తిరగేసి మళ్ళీ వేసి, రెండు విలువల తేడాలో సగం తీసుకోవడం ఇంకో చిట్కా. ఒకవైపు 68, తిరగేస్తే మైనస్ 22 వచ్చిందంటే కరెంటు 45. ఇది మీటర్ లోపలి పొరపాటును మాత్రమే కొట్టేస్తుంది. భూమి క్షేత్రం ప్రభావం తిరగేసినప్పుడు తనూ తిరుగుతుంది కాబట్టి పోదు. దానికి మందు అదే చోట జీరో చేయడమే.

మైనస్ గూటం నుంచి రెండు తీగలు బయల్దేరే బండ్లు చాలా ఉన్నాయి. ఒకటి ఇంజనుకు, రెండోది బాడీకి. రెండూ కలిపి దవడల్లో పడాలి. దవడ సందు 17 మిల్లీమీటర్లే కాబట్టి లావు తీగలు రెండూ పట్టకపోవచ్చు. అప్పుడు విడివిడిగా కొలిచి గుర్తులతో సహా కలుపుకోవాలి.

ఇంతకన్నా ఖచ్చితం కావాలంటే తీగకు చుట్లు వేయొచ్చు. 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరుతో దవడల గుండా 10 చుట్లు వేసి, ఒక కొస బ్యాటరీ మైనస్ గూటానికి, రెండోది మైనస్ లగ్గుకు తగిలించి, ఆ తర్వాతే లగ్గు విప్పాలి. కరెంటు ఎక్కడా తెగదు, రేడియో కోడు పోదు. 45 మిల్లీ ఆంపియర్లు 450గా కనబడతాయి, భూమి క్షేత్రం తెచ్చే పొరపాటు పదో వంతుకు పడిపోతుంది. ఆ స్థితిలో పొరపాటున ఎవరైనా తాళం తిప్పి సెల్ఫ్ కొడితే ఆ సన్నవైరు మండిపోతుంది. తాళం జేబులో పెట్టుకుని మొదలెట్టండి.

తలుపులు మూసి, బానెట్ దీపం తీసి, ఎలక్ట్రానిక్స్ ఉన్న బండైతే అరగంట వదిలి అంకె చూడాలి. మీటర్ ఈలోగా తనంతట తాను ఆగిపోతుంది, జీరో మళ్ళీ చేయాల్సిందే. ఇది నిజంగా విసుగు పుట్టించే గుణం. ఫ్యూజులు ఒక్కొక్కటే పీకడం పాత పద్ధతి. పీకకుండా బ్లేడు ఫ్యూజు వీపు మీది రెండు చుక్కల మీద మిల్లీ వోల్టులు చూడటం మెరుగు. 10 ఆంపియర్ల బ్లేడు ఫ్యూజు నిరోధం సుమారు 7, 8 మిల్లీ ఓమ్‌లు. 100 మిల్లీ ఆంపియర్లు పోతుంటే 0.7 మిల్లీ వోల్టు దాకా కనబడుతుంది. 30 ఆంపియర్ల ఫ్యూజుల దగ్గర ఇది మరీ చిన్నదైపోతుంది, అక్కడ వైరుకు క్లాంపే గతి. పింగాణీ ఫ్యూజులున్న బండిలో ఈ లెక్క పెట్టుకోవద్దు, ఫ్యూజు కన్నా దాన్ని పట్టుకునే రేకుల తుప్పే ఎక్కువ చూపుతుంది.

ఫ్యూజులన్నీ పీకినా అంకె దిగలేదా? పాత బండ్లలో ఆల్టర్నేటర్ బీ ప్లస్ సూటిగా బ్యాటరీకి వెళ్తుంది, ఏ ఫ్యూజూ దాటదు. ఇంజన్ ఆపి ఉండగా ఆ తీగకే క్లాంప్ వేయండి. దాదాపు సున్నా ఉండాలి. వందల మిల్లీ ఆంపియర్లు కనబడితే డయోడ్ కారుతోంది. ఉదయాన్నే చల్లటి ఇంజన్ మీద ఆల్టర్నేటర్ ఒక్కటే గోరువెచ్చగా తగలడం దీనికి ఆనవాలు.

ఆల్టర్నేటర్‌కు ముందు తరం డైనమో ఉన్న బండ్లకు ఇది పనికొస్తుంది, రెండు జాగ్రత్తలతో. డైనమో ఐడిల్ మీద ఛార్జి చేయదు, అక్కడ మైనస్ చూసి కంగారు పడొద్దు. బాడీకి ప్లస్ కలిపిన పాత బ్రిటిష్ బండ్లలో లోడుకు వెళ్ళేది మైనస్ తీగ, క్లాంప్ దానికి వేస్తే బాణం లెక్క తిరగేసుకోవాలి. ల్యూకస్ రకం డైనమోకు రెగ్యులేటర్ వైర్లు తీసేసి, డీ, ఎఫ్ టెర్మినళ్ళు కలిపి, వాటికీ ఎర్త్‌కూ మధ్య వోల్టులు చూస్తూ మెల్లగా రెయిజ్ చేయాలి. వోల్టు నిలకడగా పైకెక్కాలి, 20 దాటనివ్వకూడదు. ఎక్కితే డైనమో బాగుంది, తప్పు కటౌట్ పెట్టెలోనో (రెగ్యులేటర్ ఉండే పెట్టె) వైర్లలోనో ఉంది. పాయింట్ల ఇగ్నిషన్, రాగి ప్లగ్ వైర్లు ఉన్న ఇంజన్ దగ్గర ఈ డిజిటల్ అంకెలు పిచ్చిగా గంతులేస్తాయి. మీటర్‌ను ప్లగ్ వైర్లకు దూరంగా పట్టుకోవాలి. అలాంటి చోట ముల్లు మీటర్ ఒకటి పక్కన ఉంటే ఇప్పటికీ అదే రాజు.

ఛార్జింగ్ దీపం గురించి మాత్రం ఏ మీటరూ అక్కర్లేదు. తాళం తిప్పగానే అది వెలగాలి. వెలగకపోతే బల్బు, సన్న వైరు, కార్బన్ బ్రష్‌లు, ఈ వరసలో చూడాలి, ఎందుకంటే చాలా ఆల్టర్నేటర్లకు మొదటి ఊపు ఆ బల్బు గుండా వచ్చే కరెంటే. బ్రష్‌లు 5 మిల్లీమీటర్ల లోపుకు అరిగితే మార్చాలి. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ తీగ పీకి 'ఆల్టర్నేటర్ బాగుంది' అని తేల్చే అలవాటు డైనమో కాలం నాటిది. ఆల్టర్నేటర్‌లో ఆ క్షణాన లేచే వోల్టు డయోడ్లనూ రెగ్యులేటర్‌నూ ఒక్క దెబ్బలో తీసుకెళ్తుంది.

మీటర్‌తో వచ్చే మొనల వైర్లు సన్నవి, ఇంజన్ దగ్గర రెండు చేతులూ వాటికే సరిపోతాయి. క్రొకడైల్ క్లిప్పులు విడిగా కొనుక్కోవాలి, 200 మిల్లీ వోల్టుల పని వాటితోనే సాధ్యం. లోపల రెండు చిన్న ట్రిపుల్ ఏ సెల్స్ వేయాలి. అవి నీరసించిన గుర్తు తెర మీద కనబడ్డాక చూపే మిల్లీ ఆంపియర్లను లెక్కలోకి తీసుకోవద్దు, సెల్స్ మార్చి జీరో నుంచి మళ్ళీ మొదలెట్టాలి.